నెబ్రాస్కా: నిండే స్టాండ్లు, నిలవని కోచ్‌లు

అధికారిక లెక్క ప్రకారం, అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ సొంత మైదానంలో ఆడే మ్యాచ్‌లకు 1962 నవంబర్ నుంచి టికెట్లు మిగల్లేదు. లింకన్‌లోని మెమోరియల్ స్టేడియంలో దాదాపు 85 వేల మంది పడతారు. ఈ వరస 2024 సెప్టెంబర్‌లో 400కి చేరింది. ఆ మ్యాచ్‌లో ఇల్లినాయ్ యూనివర్సిటీ చేతిలో ఓడారు, అది వేరే సంగతి. పెద్ద స్థాయి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ టీమ్ లేని రాష్ట్రం కాబట్టి జనానికి కాలేజీ ఆటే సర్వస్వం.

ఇది చూసి నెబ్రాస్కా అభిమానులకు మహా ఓపిక అంటారు. సగమే నిజం. టికెట్ కొనడంలో చూపిన ఓపిక కోచ్‌ల దగ్గర కనిపించదు.

ఓపిక ఫలించిందని చెప్పేటప్పుడు అందరూ పాత కోచ్ టామ్ ఆస్బోర్న్‌నే తలచుకుంటారు. 1973లో పగ్గాలు పట్టాక మొదటి ఐదేళ్లూ ప్రధాన ప్రత్యర్థి ఒక్లహోమా చేతిలో ఓడిపోయాడు. జాతీయ టైటిల్ 22వ సీజన్‌లో, 1994లో గానీ దక్కలేదు. తర్వాత 1995, 1997లో మరో రెండు. అయితే ఆయన ఉన్న 25 ఏళ్లలో ఏ ఏడూ తొమ్మిది గెలుపులకు తగ్గలేదు. అది కడుపు నిండినవాడి ఓపిక.

అసలు తప్పటడుగు 2003లో పడింది. ఆస్బోర్న్ వారసుడు ఫ్రాంక్ సోలిచ్ తొమ్మిది గెలిచి మూడు ఓడి ఉండగా యాజమాన్యం తీసేసింది. మరుసటి ఏడాదే టీమ్ 5-6కి (ఐదు గెలుపులు, ఆరు ఓటములు) పడిపోయింది. 1961 తర్వాత గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన మొదటి సీజన్ అదే. సీజన్ చివర బాగా ఆడిన టీమ్‌లకు దక్కే బౌల్ మ్యాచ్, 35 ఏళ్లుగా తప్పనిది, అదీ పోయింది. తర్వాతి కోచ్‌లలో బో పెలీనీ ఏడేళ్లూ ఏటా కనీసం తొమ్మిది గెలిచినా 2014లో ఇంటికి పంపారు. ఆ తర్వాత వచ్చిన మైక్ రైలీ 2017లో 4-8 దగ్గర ఆగాడు.

అప్పుడు వచ్చాడు ఇంటి బిడ్డ స్కాట్ ఫ్రాస్ట్. 1997 టైటిల్ టీమ్‌లో ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్. అతనికి మాత్రం నిజంగానే గడువిచ్చారు. 2021లో తొమ్మిది ఓడాడు, ఒక్కటీ పది పాయింట్ల తేడాతో కాదు. ఆ ఏడాదే మిగిలిన 2,400 టికెట్లను దాతలు కొని పేద పిల్లలకిస్తే గానీ ఒక మ్యాచ్ ‘హౌస్‌ఫుల్’ కాలేదు. 2022 సెప్టెంబర్‌లో జార్జియా సదరన్ 45-42తో ఓడించిన మర్నాడే ఫ్రాస్ట్‌ను తొలగించారు. అక్టోబర్ 1 దాకా ఆగి ఉంటే పరిహారం కోటిన్నర డాలర్ల నుంచి సగానికి తగ్గేది. మూడు వారాలు కూడా ఆగలేకపోయారు!

తర్వాతి కోచ్ మాట్ రూల్ గత చరిత్ర అభిమానులకు కంఠతా వచ్చు. టెంపుల్ యూనివర్సిటీలో మొదటి ఏడాది 2-10, మూడో ఏడాది 10-4. బేలర్ యూనివర్సిటీలో 1-11 నుంచి 11-3. ఇక్కడ 2023లో 5-7. 2024లో 7-6, పిన్‌స్ట్రైప్ బౌల్ గెలుపుతో కలిపి. బౌల్ ఆడటమే 2016 తర్వాత మొదటిసారి.

ఈలోగా ఆటే మారిపోయింది. 2021లో వచ్చిన నిబంధనలతో ఆటగాళ్లు ఒకసారి కాలేజీ మారినా ఏడాది ఆడకుండా కూర్చోవలసిన పని తప్పింది, ప్రకటనల డబ్బు తీసుకునే వీలూ వచ్చింది. ఇండియానా యూనివర్సిటీ 2023లో 3-9. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెట్టి బయటి నుంచి ఆటగాళ్లను తెచ్చుకుని మరుసటి ఏడాదే జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కు వెళ్లాడు. ఆ దారిలోనే నెబ్రాస్కాను 56-7తో చిత్తు చేశాడు. వాళ్లకు ఏడాదిలో అయిన పనికి మాకు మూడేళ్లు ఎందుకని లింకన్‌లో అడుగుతుంటే రూల్ దగ్గర తేలికైన జవాబు లేదు.