ఇస్త్రీ పెట్టె తప్పు కాకపోవచ్చు

ఇస్త్రీ పెట్టె ఆన్ చేయగానే ఇల్లంతా కరెంటు పోతుంది. బోర్డు దగ్గరికి వెళ్లి చూస్తే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) మీట పడిపోయి ఉంటుంది. మళ్లీ ఎత్తి పెట్టె ఆన్ చేస్తే మళ్లీ ట్రిప్. దాన్ని పక్కన పడేసి కొత్తది కొన్నా అదే వరస. ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే ఆ స్విచ్ దేన్ని కనిపెడుతుందో ముందు చూడాలి.

లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడేది ఎమ్‌సీబీ అనే మరో రకం స్విచ్. ఆర్‌సీసీబీకి లోడుతో పని లేదు. దాని లోపల ఒక అయస్కాంత రింగు గుండా ఫేజ్, న్యూట్రల్ తీగలు రెండూ వెళతాయి. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగొస్తే రెండింటి అయస్కాంత ప్రభావాలూ రద్దయిపోతాయి. కొంత దారి తప్పి ఎర్త్‌లోకో, మనిషి ఒంట్లోంచి నేలలోకో పోతే రింగు ఆ తేడాను పసిగట్టి మీటను పడేస్తుంది. ఇళ్లలో సాధారణంగా వాడేవాటికి హద్దు 30 మిల్లీ ఆంపియర్లు. 230 వోల్టుల మీద వెలిగే 60 వాట్ల పాత రకం బల్బు తీసుకునే కరెంటులో అది సుమారు తొమ్మిదో వంతు. అంత కొద్ది కరెంటే ఛాతీ గుండా ఆగకుండా పారితే ఊపిరి అందకపోవచ్చు. అందుకే హద్దు చేరితే 0.3 సెకన్లలోపు పడిపోయేలా దాన్ని తయారుచేస్తారు.

లీకు అనగానే అందరూ ఫేజ్‌నే అనుమానిస్తారు. చాలా వెతుకులాటలు దారి తప్పేది ఇక్కడే. న్యూట్రల్ తీగ ఎక్కడైనా ఎర్త్‌ని తాకినా లెక్క తప్పుతుంది. ఉదాహరణకు, వాషింగ్ మెషీన్ లోపల న్యూట్రల్ వైపు ఇన్సులేషన్ దెబ్బతిందనుకుందాం. మెషీన్ ఆఫ్‌లోనే ఉంది. పక్క గదిలో ఇస్త్రీ పెట్టె వేశారు. దాని కరెంటు తిరిగొచ్చేటప్పుడు కొంత భాగం ఆ మెషీన్ దాకా పోయి, అక్కడి నుంచి ఎర్త్‌లోకి జారుకుంటుంది. స్విచ్ పడుతుంది. ఏ దోషమూ లేని ఇస్త్రీ పెట్టె మీద నింద పడుతుంది.

కాబట్టి వస్తువును ఆఫ్ చేస్తే చాలదు, ప్లగ్ పీకాలి. మామూలు స్విచ్, ఒక పోల్ ఉన్న ఎమ్‌సీబీ ఫేజ్‌నే తెంచుతాయి, న్యూట్రల్ కలిసే ఉంటుంది. అన్ని ఎమ్‌సీబీలూ దించినా ఆర్‌సీసీబీ నిలవడం లేదంటే న్యూట్రల్‌ను గట్టిగా అనుమానించవచ్చు.

అన్ని ప్లగ్‌లూ తీసేశాక మీట ఎత్తండి. నిలబడితే ఒక్కొక్కటే పెట్టి, ఆన్ చేసి చూడండి. నీటితో, వేడితో పనిచేసేవి ముందు: గీజర్, కెటిల్, వాషింగ్ మెషీన్. హీటర్ ఎలిమెంట్ లోపల నింపే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమను పీల్చుకుంటుంది. చాలాకాలం వాడకుండా ఉంచిన హీటర్ ఆన్ చేయగానే ట్రిప్ కావడానికి అదొక కారణం. ట్రిప్ అయ్యే వేళలు రాసిపెట్టుకోవడం చాలా ఉపయోగం. వాన పడినప్పుడే అయితే బయటి లైట్లు, బయటి సాకెట్లు చూడాలి. ఎవరూ ఏదీ ముట్టుకోకుండానే ఉండుండి అవుతుంటే, ఫ్రిజ్‌లో మంచు కరిగించే హీటర్ మీద నాకు మొదటి అనుమానం.

ఒక్కోసారి ఏ వస్తువూ చెడిపోయి ఉండదు. కంప్యూటర్ల వంటి వాటిలోని ఫిల్టర్లు మామూలుగానే కొద్దికొద్దిగా కరెంటును ఎర్త్‌లోకి వదులుతాయి. 30 అని రాసి ఉన్న స్విచ్ 15 దాటాక ఎప్పుడైనా పడవచ్చు. అలాంటివన్నీ ఒకే ఆర్‌సీసీబీ కింద ఉంటే చిల్లర లీకులన్నీ కలిసి హద్దు చేరతాయి. సర్క్యూట్లను రెండు మూడు ఆర్‌సీసీబీల మధ్య పంచితే సరిపోతుంది. అయితే ఒకదాని న్యూట్రల్ ఇంకోదానితో కలవకూడదు, కలిస్తే రెండూ పడుతుంటాయి.

ఎవరికైనా షాక్ తగిలినా, బోర్డులో కాలిన వాసన వచ్చినా, తడి కనిపించినా మీట ఎత్తొద్దు. ఆర్‌సీసీబీని తప్పించి వైర్లు నేరుగా కలిపేయమని ఎవరినీ అడగొద్దు, చేస్తామన్నా ఒప్పుకోవద్దు. ప్లగ్‌లన్నీ పీకినా పడుతుంటే దోషం చాలావరకు వైరింగ్‌లోనే ఉంటుంది, అప్పుడిక పని ఎలక్ట్రీషియన్‌ది. ఆయన సరఫరా ఆపి, బోర్డులోని న్యూట్రల్ తీగలను ఒక్కొక్కటిగా విడదీసి, 500 వోల్టుల మెగ్గర్ అనే పరికరంతో ఎర్త్‌కూ వాటికీ మధ్య నిరోధం కొలుస్తారు. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపించిన సర్క్యూట్‌లోనే వెతకాలి.