నాకౌట్ నుంచి సిగ్నల్స్ దాకా: పక్కకు వెళ్లి తిరిగొచ్చిన రియాక్టివిటీ

జావాస్క్రిప్ట్ ప్రమాణాలు చూసే టీసీ39 కమిటీ 2024 ఏప్రిల్‌లో 'సిగ్నల్స్' ప్రతిపాదనను స్టేజ్ 1లోకి, అంటే పరిశీలన దశలోకి తీసుకుంది. డేటా మారగానే దాని మీద ఆధారపడ్డవన్నీ వాటంతటవే మారేందుకు (దీన్నే రియాక్టివిటీ అంటారు) కావలసిన ఏర్పాటు భాషలోనే ఉండాలన్నది దాని ఉద్దేశం. ఇది కొత్త ఆలోచన కాదు. 2010లోనే వాడుకలో ఉంది.

అంతకుముందు, జేక్వెరీ లైబ్రరీ రోజుల్లో, ఈ పనంతా ప్రోగ్రామర్ మీదే ఉండేది. కార్ట్‌లో ఒక వస్తువు చేరితే పైన కనిపించే సంఖ్య, కింద మొత్తం, డెలివరీ చార్జీ అన్నీ గుర్తుపెట్టుకుని మార్చాలి. ఒకటి మర్చిపోతే కస్టమర్‌కి తప్పు లెక్క కనిపిస్తుంది. 2010లో స్టీవ్ శాండర్సన్ తెచ్చిన నాకౌట్ అనే లైబ్రరీ ఈ భారం తీసేసింది. ఎక్సెల్‌లో ఒక గడి మారితే దాని మీద ఆధారపడ్డ ఫార్ములాలే మళ్లీ లెక్కవేసుకుంటాయి కదా, అలాగే ఏ విలువను ఎవరు చదువుతున్నారో లైబ్రరీయే రాసిపెట్టుకుని, అది మారినప్పుడు వాళ్లకే కబురు పంపుతుంది. కాకపోతే ప్రతి విలువనూ ఫంక్షన్‌లా పిలవాలి.

2013 మేలో ఫేస్‌బుక్ విడుదల చేసిన రియాక్ట్ వేరే దారి పట్టింది. ఏ విలువ మారిందో వెంటాడదు. కాంపొనెంట్‌ను (పేజీలోని ఒక భాగానికి రాసిన కోడ్‌ను) మళ్లీ నడిపి, పాత, కొత్త వర్చువల్ డామ్‌లను (పేజీ నిర్మాణానికి మెమరీలో ఉంచే నమూనాలను) పోల్చి, తేడా ఉన్నచోటే పేజీని మారుస్తుంది. రాసేవాళ్లకు ఇది చాలా హాయి, పెద్ద టీమ్‌లు అందుకే అటు వెళ్లాయి. కానీ ఆ పోలిక చేసే కోడ్ కూడా ప్రతి ఫోన్‌లోకీ దిగాలి. కుదించాక కూడా అది 40 కేబీ పైమాటే. చవక ఫోన్, బలహీనమైన నెట్‌వర్క్ ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

నా దృష్టిలో అసలు మలుపు వ్యూ.జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్‌ది. 2014లో ఇవాన్ యూ దాన్ని విడుదల చేసినప్పుడు ఆబ్జెక్ట్‌లోని ఒక్కో ప్రాపర్టీకి గెటర్, సెటర్ (విలువను చదివినప్పుడు, మార్చినప్పుడు నడిచే ఫంక్షన్లు) తగిలించి మార్పుల్ని పసిగట్టేవాడు. మామూలు జావాస్క్రిప్ట్‌లాగే రాసుకోవచ్చు, బాగుంది. కానీ తర్వాత చేర్చిన ప్రాపర్టీ దానికి కనపడదు, అర్రేలో ఇండెక్స్‌తో నేరుగా విలువ మార్చినా తెలియదు. స్క్రీన్ ఎందుకు మారడం లేదో అర్థంకాక కొత్తవాళ్లు తలపట్టుకునేవాళ్లు. 2015 జావాస్క్రిప్ట్ ప్రమాణంలో వచ్చిన ప్రాక్సీ దీన్ని తీర్చగలదు, ఎందుకంటే అది మొత్తం ఆబ్జెక్ట్‌కే కాపలా కాస్తుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం ప్రాక్సీ లేదు, పాలీఫిల్‌తో (లేని సదుపాయాన్ని అనుకరించే కోడ్‌తో) పూర్తిగా నెట్టుకురావడమూ కుదరదు. దాంతో 2020 సెప్టెంబర్‌లో వ్యూ 3 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఆగడం ఊరికే పోలేదు. వ్యూ 3లో రియాక్టివిటీ భాగాన్ని విడి ప్యాకేజీగా ఇచ్చారు. 2021లో ఆల్పైన్ 3 అనే చిన్న లైబ్రరీ దాని మీదే నిలబడింది. అదే ఏడాది వచ్చిన పెటీట్-వ్యూ దాదాపు 6 కేబీలో ఇమిడింది. బిల్డ్ స్టెప్ (కోడ్‌ను ముందే మార్చి సిద్ధం చేసే పని) అక్కర్లేదు. సర్వర్ నుంచి వచ్చిన హెచ్‌టీఎంఎల్‌లో ఒక స్క్రిప్ట్ ట్యాగ్ పెడితే చాలు. లారావెల్, జాంగో లాంటి సర్వర్ ఫ్రేమ్‌వర్క్‌లతో చిన్న సైట్లు నడిపేవాళ్లకు ఇది నిజమైన వరం.

ఇక మిగతా ఫ్రేమ్‌వర్క్‌లు కూడా సిగ్నల్స్ వైపే జరిగాయి: 2021లో సాలిడ్ 1.0, 2022లో ప్రీయాక్ట్ సిగ్నల్స్, 2023లో యాంగ్యులర్ 16. కంపైలర్‌నే (కోడ్‌ను ముందే మార్చిపెట్టే సాధనాన్నే) నమ్ముకున్న స్వెల్ట్ కూడా 2024 అక్టోబర్‌లో వెర్షన్ 5తో సిగ్నల్స్‌ను లోపలికి తెచ్చుకుంది.

మరి బ్రౌజర్ సొంతంగా ఏమిచ్చింది? సొంత హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లు తయారుచేసుకునే కస్టమ్ ఎలిమెంట్స్ ఇప్పటి రూపంలో 2016లో క్రోమ్‌లో, 2018లో ఫైర్‌ఫాక్స్‌లో వచ్చాయి. సొంత ట్యాగ్, లైఫ్‌సైకిల్ (ట్యాగ్ పేజీలో చేరినప్పుడు, తొలగినప్పుడు నడిచే ఫంక్షన్లు) ఇచ్చాయి, వాటికి తోడు షాడో డామ్ (మిగతా పేజీ నుంచి వేరుగా ఉండే లోపలి నిర్మాణం) ఉంది. లోపలి డేటా మారితే తెరను ఎలా మార్చాలో మాత్రం చెప్పలేదు. గూగుల్‌లో పుట్టిన లిట్ లాంటి లైబ్రరీలు ఇలాంటి ట్యాగ్‌లతో చేసే వెబ్ కాంపొనెంట్లలో పూడ్చింది ఈ ఖాళీనే.

టీసీ39 ప్రతిపాదన కూడా పేజీని గీసే పని జోలికి పోదు. విలువలు, వాటి మధ్య ఆధారాల లెక్కే చూస్తుంది. దాని రూపకల్పనకు యాంగ్యులర్, వ్యూ, స్వెల్ట్, సాలిడ్, ప్రీయాక్ట్ రూపకర్తలు సలహాలిచ్చారు. ఆ జాబితాలో రియాక్ట్ లేదు. రియాక్ట్ టీమ్ కంపైలర్ దారిలోనే వెళ్తోంది, ఆ రియాక్ట్ కంపైలర్ 1.0 వెర్షన్ 2025 అక్టోబర్‌లో వచ్చింది.