బడ్జెట్ కంప్యూటర్ అసెంబ్లింగ్: తిరుపతిలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

తిరుపతిలో సిస్టమ్‌లు అసెంబుల్ చేసి ఇవ్వడం నా పని. వచ్చేవాళ్లలో బీటెక్ పిల్లలు, ఫ్లెక్స్ డిజైనర్లు, కొత్తగా నెట్ సెంటర్ పెట్టుకునేవాళ్లు, పిల్లాడి పోరు పడలేక వచ్చిన నాన్నలు, అందరూ ఉంటారు, అందరి ఫోన్‌లోనూ ఎవరో వాట్సాప్‌లో పంపిన ఒక కొటేషన్ ఉంటుంది. 30 నుంచి 45 వేల బడ్జెట్‌లో డబ్బు ఎక్కడ వృథా అవుతోందో ఆ కొటేషన్ చూస్తేనే తెలిసిపోతుంది. డబ్బా మీద పెద్దగా అచ్చేసిన అంకెకి డబ్బు పెడుతున్నారు, దాని పక్కనే చిన్నక్షరాల్లో ఉన్నది ఎవరూ చదవడం లేదు. కింద రాసిందంతా దాదాపు ఆ గోలే.

అపోహ: ఐ7 అంటే ఐ7, ఐ3 కంటే ఎప్పుడైనా మేలే

"15 వేలకి ఐ7, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, వైఫై అన్నీ కలిపి ఇస్తున్నారన్నా, నువ్వేమో ఐ3కే ఇంత చెప్తున్నావు" అంటారు. అడగడంలో తప్పు లేదు. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ ప్రాసెసర్ల రకాలు, ఆ ఐ7 ఏ జనరేషన్‌దో, అంటే ఏ తరానిదో మాత్రం అడగరు.

ఐ7-2600 వచ్చింది 2011లో. ఐ3-12100 వచ్చింది 2022లో. రెండింటికీ 4 కోర్లు (లోపల లెక్కలు చేసే భాగాలు), 8 థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనులు). కానీ మధ్యలో పదేళ్లు గడిచాయి, ఒక్కో కోర్ చేసే పనిలో పోలికే లేదు, ఆ ఐ3 ముందు ఈ ఐ7 నిలబడదు, పైగా కరెంటు ఎక్కువ తింటుంది. కనిపెట్టడం తేలికే: డెస్క్‌టాప్ ఐ సిరీస్ ప్రాసెసర్ నంబరులో చివరి మూడంకెలు తీసేస్తే మిగిలేదే జనరేషన్. 2600 అంటే రెండు, 3770 అంటే మూడు, 12100 అంటే పన్నెండు.

ఆ 15 వేల సిస్టమ్‌లో మదర్‌బోర్డు కొత్తదే ఉంటుంది, అట్టపెట్టె కూడా కొత్తదే. బోర్డు మీద ఉన్న చిప్‌సెట్ (అన్ని భాగాలనీ కలిపి నడిపే చిప్) మాత్రం చాలాసార్లు హెచ్61, అది కూడా 2011 నాటిదే. దానికి ఎక్కేది పాత తరం డీడీఆర్3 ర్యామ్, రేపు కొత్త బోర్డుకి మారితే అది పనికిరాదు. ఆ చిప్‌సెట్ సాటా పోర్టులు (డిస్క్‌లు తగిలించేవి) సెకనుకు 3 గిగాబిట్ల పాత రకం, అంటే మీరు ముచ్చటపడి పెట్టించిన ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన స్టోరేజీ) సగం వేగంతోనే నడుస్తుంది. ఇక విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ జనరేషన్ నుంచే. దొడ్డిదారిన ఎక్కించి ఇచ్చేవాళ్లు ఉన్నారు, ఎక్కుతుంది కూడా, తర్వాత పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ వాళ్ల దగ్గరికే పరిగెత్తాలి.

చేతిలో నిజంగా అంతే డబ్బుంటే అసెంబ్లింగ్ మాట పక్కన పెట్టి, ఆఫీసుల్లో వాడి తీసేసిన ఐ5 8వ జనరేషన్ బ్రాండెడ్ డెస్క్‌టాప్ కోసం వెతకండి. నా బేరం పోయినా ఇదే చెప్తాను. ఒక్కటే షరతు, వాటిలో చాలావాటికి బోర్డు, పవర్ కనెక్షన్లు ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి, తర్వాత పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుందాం అనుకుంటే కుదరదు. కోడింగ్ నేర్చుకోవడానికి, ట్యాలీకి, ఆన్‌లైన్ క్లాసులకి శుభ్రంగా సరిపోతాయి.

అపోహ: 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంటే గేములన్నీ ఆడొచ్చు

జీబీ అంటే కార్డు మీద మెమొరీ ఎంతుందో చెప్పే లెక్క, కార్డు ఎంత వేగమో కాదు. గోడౌన్ పెద్దదైతే వ్యాపారం బాగా జరుగుతున్నట్టు కాదు కదా. జీటీ 730 అనే కార్డు 2014 నాటిది, 4 జీబీ డీడీఆర్3 మెమొరీతో ఇప్పటికీ అమ్ముతున్నారు, పిల్లలు ఆ 4 జీబీ చూసి పడిపోతారు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌లో లోపలే ఉండే గ్రాఫిక్స్ దానికంటే వేగం. అంటే ఆ కార్డు కొన్న డబ్బు మొత్తం దండగ.

అసలు కార్డు అవసరమా అన్నది ఇంకో సంగతి. డీటీపీ సెంటర్ వాళ్లు వచ్చి పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాడతాం, మంచి గ్రాఫిక్స్ కార్డు వెయ్యమంటారు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, దానికి ఇప్పుడున్న ఏ ప్రాసెసర్ అయినా ఎక్కువే! ఫ్లెక్స్ డిజైనింగ్ వేరు, ఇరవై అడుగుల బ్యానర్ ఫైల్ ఫొటోషాప్‌లో లేయర్లతో తెరిస్తే సిస్టమ్ నిజంగానే మూలుగుతుంది, కానీ అక్కడ తక్కువపడేది ర్యామ్. కార్డుకి పెట్టే డబ్బుతో 16ని 32 జీబీ చేయించుకుంటే పని తేడా వెంటనే తెలుస్తుంది.

గేములకైతే కార్డు తప్పదు, అప్పుడు బడ్జెట్‌లో పెద్ద వాటా దానికే పోవాలి, ప్రాసెసర్ ఐ3 అయినా పర్లేదు. మళ్లీ ఇక్కడో మెలిక: ఇంటెల్ నంబరు చివర ఎఫ్ అని ఉంటే, ఉదాహరణకి 12400ఎఫ్, లోపల గ్రాఫిక్స్ ఉండదు. "కార్డు దసరాకి కొంటాను, ఇప్పటికి ప్రాసెసర్ చాలు" అని ఎఫ్ చిప్ కొంటే దసరా దాకా స్క్రీన్ మీద బొమ్మ రాదు. కార్డు కొన్నాక మానిటర్ కేబుల్‌ని బోర్డుకి కాకుండా కార్డుకే గుచ్చాలి, ఇది ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

అపోహ: ఎస్ఎంపీఎస్ కేబినెట్‌తో ఫ్రీగా వస్తుంది కదా, దానికి వేరే డబ్బెందుకు

నా దగ్గరికి రిపేరుకి వచ్చే వాటిలో ఎక్కువ గొడవ ఇక్కడే. అందుకే కాస్త వివరంగా.

ఎస్ఎంపీఎస్ అంటే గోడ కరెంటుని సిస్టమ్‌కి కావాల్సినట్టు మార్చి ఇచ్చే డబ్బా. కేబినెట్‌తో వచ్చే దాని మీద 450 వాట్లనో 500 వాట్లనో పెద్దగా ఉంటుంది. దాన్ని వదిలేసి పక్కనున్న స్టిక్కర్ చదవండి. అందులో +12వీ అనే గడి కింద ఆంపియర్లు రాసి ఉంటాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా తాగేది ఆ 12 వోల్టుల లైన్ నుంచే. అక్కడ 16 ఆంపియర్లని ఉంటే 12ని 16తో గుణించండి, 192 వాట్లు. 500 అని రాసిన డబ్బా ఆ లైన్ మీద అసలు ఇవ్వగలిగింది అంతే! ఇప్పుడు ఐ5-12400ఎఫ్ గరిష్ఠంగా 117 వాట్లు, ఆర్ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు, రెండూ కలిస్తేనే 249. సిస్టమ్ ఆన్ అవుతుంది, సినిమా నడుస్తుంది, గేమ్ పెట్టిన పది నిమిషాలకి ఠపీమని ఆగిపోతుంది, ఇంట్లోవాళ్లు కార్డు పోయిందనుకుంటారు. అదే ఆగకుండా లోపల ఏదైనా కాలితే బోర్డునీ వెంటబెట్టుకుని పోయే ప్రమాదం ఉంది. ఇదే సిస్టమ్‌కి పేరున్న కంపెనీ 500 లేదా 550 వాట్లది ధారాళంగా సరిపోతుంది, 750 అక్కర్లేదు.

80 ప్లస్ ముద్ర ఉంటే నాణ్యమైనదే అనుకోవడం కూడా సగమే నిజం. అది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం వృథా కాకుండా ఇస్తుందో చెప్పే కొలత. అది మంచిదే, కానీ ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయో లేదో, ఎన్నేళ్ల వారంటీ ఇస్తున్నారో విడిగా చూడాలి. ఐదేళ్ల వారంటీ ఇచ్చేవాడు కొంచెం నమ్మకంగానే చేసుంటాడు. ఇక "పెద్ద వాట్లది పెడితే కరెంటు బిల్లు పెరుగుతుంది" అన్నది వట్టి మాట, సిస్టమ్ ఎంత అడిగితే అంతే లాగుతుంది.

ఎర్తింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది, మీరు బిగించడంలో ఏదో తప్పుంది" అని పాత ఇళ్ల నుంచి, అద్దె గదుల నుంచి తరచూ ఫోన్లు వస్తాయి. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్‌లో చిన్న కెపాసిటర్లు ఫేజ్, న్యూట్రల్ లైన్ల నుంచి బాడీకి కలిపి ఉంటాయి, వాటి గుండా కొద్దిగా లీకయ్యే కరెంటు ఎర్త్ వైరు ద్వారా భూమిలోకి పోవాలి. ప్లగ్‌లో మూడో రంధ్రం ఉత్తుత్తిది అయినా, రెండు పిన్నుల అడాప్టర్ తగిలించినా ఆ దారి మూసుకుపోతుంది, మీరు ముట్టుకుంటే మీ గుండా వెళ్తుంది. అలాగని ప్రతి షాకునీ ఇదేలే అని వదిలేయకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య చూపించమనండి, దాదాపు 230 వోల్టులు రావాలి. రాకపోతే కంప్యూటర్ కొనే ముందు ఆ పని చేయించండి.

యూపీఎస్ కొనేటప్పుడూ అదే జాగ్రత్త. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, మామూలుగా దొరికేవి 360 వాట్ల దగ్గరుంటాయి. మే నెల సాయంత్రం గాలివానకి కరెంటు పోతే ఫైల్ సేవ్ చేసి ఆపుకోవడానికి అది, మ్యాచ్ ముగించడానికి కాదు.

అపోహ: 16 జీబీ ఒకే స్టిక్ అయినా, రెండు 8లు అయినా ఒకటే

సైజు ఒకటే, దారులు వేరు. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక స్టిక్ పెడితే సెకనుకు 25.6 జీబీ దాకా వెళ్తుంది, సరైన స్లాట్లలో రెండు పెడితే 51.2. టైపింగ్ చేసుకునేవాళ్లకి ఇది తెలియనే తెలియదు. 5600జీ లాంటి చిప్‌తో కార్డు లేకుండా గేములు ఆడేవాళ్లకి మాత్రం చాలా తేడా, ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు దారుణంగా పెరిగాయి, మెమొరీ కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మళ్లడమే పెద్ద కారణం, కాబట్టి పాత కొటేషన్ చూపించి "అప్పుడు ఇంతే కదా" అంటే నేను చేయగలిగింది లేదు.

అపోహ: ఎస్ఎస్‌డీ జెన్4 అయితేనే వేగం

హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక ఎస్ఎస్‌డీకి మారడమే అసలు మార్పు. ఆ తర్వాత సెకనుకు 3500 ఎంబీ ఇచ్చే జెన్3దా, 7000 ఎంబీ ఇచ్చే జెన్4దా అన్నది పెద్ద వీడియో ఫైళ్లు కాపీ చేసేవాళ్లకే తెలుస్తుంది. మిగిలిన డబ్బు ర్యామ్‌కి పెట్టండి.

అపోహ: మన ఎండలకి లిక్విడ్ కూలర్ లేకపోతే కాలిపోతుంది

వేసవిలో తిరుపతిలో 40 దాటుతుంది, నిజమే. కానీ ఏ కూలర్ అయినా, నీళ్లదైనా గాలిదైనా, ప్రాసెసర్‌ని గది వేడి కంటే చల్లగా చేయలేదు. ఇప్పటి ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లు 100 డిగ్రీల దాకా తట్టుకునేలా చేసినవి, అది దాటబోతే వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి. గేమ్ ఆడేటప్పుడు 75, 80 కనిపించిందని టెన్షన్ పడక్కర్లేదు. ఐ3, ఐ5-12400 స్థాయికి డబ్బాలో వచ్చే ఫ్యానే చాలు. చెయ్యాల్సిందల్లా ముందువైపు అద్దం ఉన్న కేబినెట్ కాకుండా జాలీ ఉన్నది తీసుకోవడం, దాన్ని టేబుల్ కింద తలుపున్న అరలో బంధించకపోవడం, వేసవికి ముందోసారి దుమ్ము దులపడం. రంగురంగుల లైట్లు మీ ఇష్టం, వాటి గురించి నేను మాట్లాడను.

అపోహ: రిచీ స్ట్రీట్‌కి వెళ్తే సగానికి సగం తగ్గుతుంది

పొద్దున రైలెక్కి చెన్నై వెళ్లి మౌంట్ రోడ్డు పక్కనున్న ఆ ఎలక్ట్రానిక్స్ బజారులో తిరిగొచ్చే సరదా వేరు, కాదనను. రకాలు ఎక్కువ దొరుకుతాయి, బేరం కూడా ఆడొచ్చు. కానీ తేడా మరీ ఎక్కువ చెప్తున్నారంటే రెండు చూడండి. ఒకటి, బిల్లు ఇస్తున్నారా? కంప్యూటర్ పార్టుల మీద జీఎస్టీ 18 శాతం, బిల్లు లేకుండా అని చెప్పే ధర తగ్గినట్టు కనిపించేది అక్కడే, రేపు వారంటీకి వెళ్తే అడిగేది ఆ బిల్లే. రెండు, ప్రాసెసర్ సీల్ ఉన్న డబ్బాలో ఉందా, ట్రే నుంచి విడిగా తీసిచ్చారా? డబ్బాలో వచ్చేదానికి ఇంటెల్, ఏఎండీ మూడేళ్ల వారంటీ ఇస్తాయి, ట్రేది అయితే షాపువాడి మాటే వారంటీ. ఎక్కడ కొన్నా బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి.

అపోహ: ఇప్పుడు ఖరీదైన బోర్డు వేసుకుంటే పదేళ్లు అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు

బోర్డు ధర కాదు, సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) చూడాలి. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 మీద 12, 13, 14 జనరేషన్లు ఎక్కుతాయి, 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200కి సాకెట్టే మారిపోయింది. ఏఎండీ ఏఎం4 మీద 2017 నుంచి రైజెన్‌లు వస్తూనే ఉన్నాయి, ఏఎం5 2022లో మొదలైంది, దానికి డీడీఆర్5 తప్పనిసరి. బడ్జెట్‌లో ఐ3-12100 వేసుకుని, రెండేళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో అదే సాకెట్ ఐ5 దొరికితే మార్చుకోవడం మంచి దారి. అందుకు మామూలు బీ660 లేదా బీ760 బోర్డు చాలు, హెచ్610 అయినా నడుస్తుంది, కాకపోతే స్లాట్లు తక్కువ.

అపోహ: సెకండ్ హ్యాండ్ అసలు ముట్టుకోకూడదు

ఏ పార్టు అన్నదాన్ని బట్టి. ప్రాసెసర్ అంత తేలిగ్గా పోదు, ఏఎం4 లాంటి పిన్నులున్న చిప్ అయితే అవి వంగలేదని చూసుకుంటే చాలు. ర్యామ్ కూడా ఫర్వాలేదు, మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రాం ఒక రాత్రి నడిపిస్తే తేలిపోతుంది. కేబినెట్‌కి ఏముంది. ఎస్ఎంపీఎస్, హార్డ్ డిస్క్ మాత్రం పాతవి వద్దు. గ్రాఫిక్స్ కార్డు అయితే అమ్మేవాడి ఇంట్లోనే వాడి సిస్టమ్‌లోనే అరగంట బరువైన గేమ్ ఆడించి చూడండి, ఫ్యాన్ శబ్దం వినండి, స్క్రీన్ మీద చుక్కలు, గీతలు వస్తున్నాయేమో చూడండి, స్క్రూల మీద వారంటీ స్టిక్కర్ చిరిగిందేమో గమనించండి. "ఇప్పుడు సిస్టమ్ లేదు, తీసుకెళ్లి చూసుకో, బాగాలేకపోతే తెచ్చివ్వు" అని రేణిగుంట స్టేషన్ బయట నిలబడి అమ్మేవాడికి దండం పెట్టి వచ్చేయండి.