పక్క కార్డు రద్దీ, మన మెషీన్‌కు ఖర్చు: పాస్‌త్రూలో ఉమ్మడి ఇంటరప్ట్‌ల వెనక కథ

కార్డు లాంటి పరికరం "నాకు పని పడింది, చూడు" అని ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం ఇంటరప్ట్. 1981 నాటి ఐబీఎం పీసీలో ఉన్న ఇంటరప్ట్ లైన్లు ఎనిమిది. 1984లో ఏటీ మోడల్‌కు రెండో ఇంటరప్ట్ కంట్రోలర్ తగిలించారు. ఆ తగిలింపుకే ఒక లైను పోగా 15 మిగిలాయి. అప్పటి కార్డులు లైనును పంచుకునేవి కావు. 1992లో పీసీఐ అనే కార్డు స్లాట్ల ప్రమాణం వచ్చాక పంచుకోవడం మామూలైపోయింది. పీసీఐ కార్డు, డ్రైవర్ వచ్చి తన సంగతి చూసేదాకా లైనును పట్టుకునే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కర్నల్ ఆ లైను మీదున్న డ్రైవర్లను వరసగా "ఇది నీదేనా?" అని అడుగుతుంది.

వర్చువల్ మెషీన్‌కు (వీఎంకు) కార్డును నేరుగా అప్పగించినప్పుడు, అంటే పాస్‌త్రూలో, చిక్కు ఇక్కడే మొదలైంది. డ్రైవర్ గెస్ట్‌లో, అంటే వీఎం లోపల ఉంటుంది, ఇంటరప్ట్ ముందు హోస్ట్‌కు, అంటే వీఎంను నడిపే అసలు సిస్టమ్‌కు వస్తుంది. కార్డును ఎలా శాంతపరచాలో హోస్ట్‌కు తెలియదు. గెస్ట్ స్పందించేదాకా లైను మొత్తాన్ని మూసేద్దామా అంటే, అదే లైను మీదున్న హోస్ట్ డిస్కు కూడా ఆగిపోతుంది. అందుకే లినక్స్‌లో వీఎంలను నడిపే కేవీఎంలో తొలినాటి పాస్‌త్రూ లైను పూర్తిగా తనకే కావాలనేది. అదే లైను మీద యూఎస్‌బీ కంట్రోలర్ ఉంటే వీఎం అసలు మొదలయ్యేదే కాదు. దాని డ్రైవర్ తీసెయ్యడమో, కార్డును వేరే స్లాటులోకి మార్చడమో చేయాల్సి వచ్చేది.

నిజానికి మందు 2002లోనే, పీసీఐ 2.3లో ఉంది. ఇంటరప్ట్ పెండింగ్‌లో ఉందని చెప్పే బిట్ ఒకటి, ఆ ఒక్క కార్డు నోరే మూయించే (మాస్క్ చేసే) బిట్ ఇంకొకటి. కేవీఎం దీన్ని వాడుకున్నది లినక్స్ 3.4లో, అంటే 2012లో. అదే ఏడాది 3.6లో వచ్చిన, కార్డులను వీఎంలకు అప్పగించే కొత్త పద్ధతి వీఎఫ్ఐఓ కూడా ఈ దారే పట్టింది.

ఇది ఉచితం మాత్రం కాదు. లైను మోగిన ప్రతిసారీ హోస్ట్, ఆ బిట్లు ఉండే కార్డు కాన్ఫిగరేషన్ స్పేస్ చదవాలి. మెమరీ చదవడంతో పోలిస్తే అది చాలా నెమ్మది. ఇంటరప్ట్ మనదే అయితే మాస్క్ చేసి, గెస్ట్‌కు చెప్పి, అది పని ముగించాక మళ్లీ తెరవాలి. మనది కాకపోయినా చదివిన ఖర్చు తప్పదు. కాబట్టి అదే లైను పంచుకునే పక్క పరికరం ఖాళీగా ఉన్నప్పుడు నెట్‌పెర్ఫ్ అనే నెట్‌వర్క్ వేగ పరీక్ష నడిపి "తేడా లేదు" అనేస్తే, నా దృష్టిలో ఆ పరీక్ష సగమే. కార్డుకు సొంత లైను ఉన్నప్పుడు, పక్కది ఖాళీగా ఉన్నప్పుడు, పక్కది రద్దీగా ఉన్నప్పుడు, ఇలా మూడుసార్లు కొలవాలి. వేగం ఒక్కటే చూస్తే చాలదు. రాకపోకల ఆలస్యం, హోస్ట్ సీపీయూ వాడకం కూడా చూడాలి.

అబద్ధమాడే హార్డ్‌వేర్ మరో తలనొప్పి. మాస్క్ బిట్‌ను మార్చి చూసి, మారితే కార్డుకు ఆ సదుపాయం ఉందని కర్నల్ నమ్ముతుంది. కొన్ని కార్డుల్లో ఆ బిట్ మారుతుంది గానీ పెండింగ్ బిట్ సరిగా పడదు. అప్పుడు ఇంటరప్ట్ నాదని ఎవరూ అనరు. 1,00,000లో 99,900 అలా అనాథగా మిగిలితే కర్నల్ లైనునే కట్టేస్తుంది.

ఎంఎస్ఐ అనే మరో రకం ఇంటరప్ట్‌తో ఈ గొడవే లేదు. కార్డు లైనును లాగడానికి బదులు మెమరీలోకి ఒక సందేశం రాస్తుంది. అందుకే కొలిచే ముందు గెస్ట్ డ్రైవర్ ఎంఎస్ఐకి మారిపోయిందేమో ఇంటరప్ట్‌ల పట్టికలో చూసుకోవాలి. మారిపోయి ఉంటే మూడు కొలతలూ దాదాపు ఒకేలా వస్తాయి, ఉమ్మడి లైనుకు ఖర్చేమీ లేదని పొరబడతాం.