వైఫై పాస్‌వర్డ్‌ను పక్కింటి వాళ్ళు పట్టుకోలేరా?

చిన్నూ, అమ్ములూ,

మొన్న ఫోన్లో చిన్నూ ఒక ప్రశ్న అడిగాడు. "తాతయ్యా, మన వైఫై పాస్‌వర్డ్ గాలిలోనే కదా రౌటర్‌కి వెళ్ళేది, మరి పక్కింటి వాళ్ళు మధ్యలో పట్టేసుకోలేరా?" అని. ఇంతలో మీ అమ్మ అన్నానికి పిలిచింది, మాట అక్కడే ఆగిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు ధైర్యం చెప్పే మాట. పాస్‌వర్డ్ అసలు గాలిలోకి వెళ్ళదు. రౌటర్ ప్రతిసారీ ఒక కొత్త అంకె పంపుతుంది, ఫోన్ ఆ అంకెనీ, తను అనుకున్న ఇంకో అంకెనీ, పాస్‌వర్డ్‌నీ కలిపి లెక్క కట్టి జవాబు పంపుతుంది, రౌటర్ కూడా అదే లెక్క కట్టుకుని రెండూ సరిపోతేనే లోపలికి రానిస్తుంది. కానీ చిన్నూ భయం ఉత్తదేమీ కాదు. ఆ అంకెలు గోడలు దాటి పక్కింటికీ వెళ్తాయి. చాలా ఇళ్ళ వైఫైలో ఎవరైనా వాటిని రికార్డు చేసుకుని, తీరిగ్గా కూర్చుని పాస్‌వర్డ్ ఏమై ఉంటుందో ఒక్కొక్కటే వేసి చూడొచ్చు. పుట్టినరోజును పాస్‌వర్డ్‌గా పెట్టొద్దని నేను పోరేది అందుకే. అన్నిటికంటే నాకు బెంగ కలిగించేది ఏమిటంటే, ఎవరో విన్నారన్న సంగతి మనకు ఎప్పటికీ తెలియదు.

విన్నవాడి జాడ తెలిసేలా చేయగలమా? 1984లో చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రసార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేయవచ్చని దారి చూపించారు.

మీకు అత్తిపత్తి మొక్క తెలుసు కదా, ముట్టుకుంటే ముడుచుకుపోయేది. మా తాతగారి మామిడితోట గట్టు నిండా అదే ఉండేది. వానాకాలంలో గులాబీ రంగు పూలతో ఎంత ముద్దుగా ఉండేదో, దాని ముళ్ళు మాత్రం పిక్కలు గీరేసేవి. సాయంత్రం పొద్దు వాలకముందే తాతగారు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, ముడుచుకున్న ఆకులు చూసి "ఇటు ముంగిస పోయిందిరా, ఇదిగో ఇక్కడ మనిషి నడిచాడు" అని చెప్పేవారు. ఆ గట్టు మీద ఆకు ముడవకుండా ఎవరూ దాటలేరు. నాకు తోట కంటే ఆ చదువే ఇష్టంగా ఉండేది.

వెలుతురు కణం, అంటే ఫోటాన్, అలాంటిదే. అది నిలువుగానో, అడ్డంగానో, ఎడమకో కుడికో ఏటవాలుగానో ఊగుతూ వస్తుంది. పంపేవాడు ఒక్కో కణాన్ని తనకు తోచినట్టు ఊపి పంపుతాడు, అందుకునేవాడు కూడా నిటారుగా చూడాలో ఏటవాలుగా చూడాలో తనకు తోచినట్టు ఎంచుకుంటాడు. తర్వాత ఇద్దరూ బాహాటంగానే ఎలా చూశామో చెప్పుకుని, ఇద్దరి తీరూ కుదిరినవి మాత్రం ఉంచుకుంటారు. అవే తాళంచెవి, అంటే తర్వాత పంపుకునే మాటలు ఇతరులకు అర్థం కాకుండా దాచే రహస్యం. మధ్యలో దొంగ ప్రతి కణాన్నీ చూసి మళ్ళీ పంపాడనుకోండి, ఎలా చూడాలో వాడికి తెలియదు కనుక, ఉంచుకున్నవాటిలో సుమారు నాలుగోవంతు తప్పులు వస్తాయి. కొన్నిటిని సరిచూసుకుంటే చాలు, ఆకు ముడిచిందని తెలిసిపోతుంది. ఒక తేడా ఉంది. అత్తిపత్తి కాసేపటికి మళ్ళీ విచ్చుకుంటుంది, ఫోటాన్ మాత్రం పాత స్థితికి రాదు. దానికి అచ్చంగా నకలు తీయడం కూడా కుదరదని 1982లోనే రుజువు చేశారు. ఎందుకు కుదరదంటే నేను మీకు లెక్కలు రాయాలి, అవి పెద్దయ్యాక చదువుకోండి. ఈ వయసులోనూ నాకు అది ఆశ్చర్యంగానే ఉంది.

మొదటి ప్రయోగంలో ఆ కణాలు వెళ్ళింది ఒక్క అడుగు దూరం. 2020 డిసెంబరులో మన హైదరాబాద్‌లోనే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్ళ రెండు ల్యాబ్‌ల మధ్య 12 కిలోమీటర్ల ఫైబర్ తీగ మీద చేసి చూపించారు. 2021లో ఇస్రో వాళ్ళు అహ్మదాబాద్‌లో 300 మీటర్లు గాలిలోనే పంపారు, అదీ ఎండ అడ్డు రాకుండా రాత్రిపూట. చూశారా, గాలిలో ఎంత కష్టమో. వైఫై రేడియో తరంగాలతో అయితే ఇది కుదరదు, గదిలోని వేడి రొదలోనే ఆ ఒంటరి కణం కొట్టుకుపోతుంది. అందుకని తాళంచెవులను ముందు వెలుతురుతో తయారుచేసి ఫోన్‌లో నింపిపెట్టి, తర్వాత రేడియోలో వాడుకుంటే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నారు.

అమ్ములూ, నువ్విప్పుడు అడుగుతావని నాకు తెలుసు. "సరే తాతయ్యా, మధ్యలో ఎవరూ వినలేదు. మరి అవతల ఉన్నది మన రౌటరేనని ఎలా తెలుసు?" అసలు కీలకం ఇక్కడే ఉంది. గట్టు మీద ఎవరో నడిచారని అత్తిపత్తి చెబుతుంది కానీ, గేటు దగ్గర నిలబడి "నేనే మీ చిన్నాన్నని" అనేవాడు నిజంగా చిన్నాన్నేనో కాదో చెప్పదు. దొంగే రౌటర్ వేషం వేస్తే, వాడితోనే శుభ్రంగా తాళంచెవి తయారైపోతుంది! అందుకే ఇంత గొప్ప పద్ధతికి కూడా, ఆ ఇద్దరికి మాత్రమే తెలిసిన చిన్న రహస్యం ఒకటి ముందే చేతికిచ్చి ఉండాలి. ఒక్కసారి ఇస్తే చాలు, ఆ తర్వాత దాన్ని కొత్త తాళంచెవులతో మార్చుకుంటూ పోవచ్చు. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాడి విషయంలోనూ మన ఇబ్బంది ఇదే. లైన్ ఎంత స్పష్టంగా ఉన్నా అవతలిది ఎవరో తెలియదు, కాబట్టి చెప్పకూడదు.

మీ నాన్న ఈసారి ఫోన్‌ని లాప్‌టాప్‌కి బ్లూటూత్‌తో కలిపేటప్పుడు పక్కనే ఉండండి. రెండు స్క్రీన్ల మీదా ఆరంకెల నంబరు వస్తుంది, నాన్న చూడకుండానే ఓకే నొక్కేస్తాడు. ఆపండి. ఒకరు ఫోన్ చూసి, ఒకరు లాప్‌టాప్ చూసి ఆ అంకెలు పైకి చదవండి. అలా ఎందుకు చదవాలో నాన్నకి మీరే చెప్పండి, ఏమన్నాడో నాకు రాయండి.

మీ తాతయ్య