గడ్డిలోని చక్కెర ఎవరికి? రెండు వందల ఏళ్ల నేపథ్యం

వరిగడ్డి నుంచి చక్కెరలు తీసి, పెట్రోలులో కలిపే ఇథనాల్ చేయొచ్చంటే చిత్తూరు పాడిరైతు అడిగే మొదటి మాట: మరి ఆవులకు మేత? న్యాయమైన ప్రశ్న. ఈ పరిశ్రమ ఎక్కడ కాలు తట్టుకుని పడిందో చూస్తే దాని బరువు తెలుస్తుంది.

1819లో ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త ఆంరీ బ్రాకొనో నారబట్ట పేలికలను గంధకామ్లంతో చక్కెరగా మార్చాడు. 20వ శతాబ్దం తొలి సగంలో జర్మనీ కర్రపొట్టుతో ఇదే పనిని ఫ్యాక్టరీల్లో చేసింది. అయితే వేడి కాస్త మించితే పుట్టిన చక్కెరే ఫర్‌ఫ్యూరల్ వంటి పదార్థాలుగా మారి, చక్కెరను ఇథనాల్‌గా పులియబెట్టే ఈస్ట్‌ను చంపుతుంది. పాత్రలనూ యాసిడ్ తినేస్తుంది.

దారి మార్చింది ఒక బూజు. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడారాలను కుళ్లబెట్టిన ట్రైకోడెర్మా అది. వేరుశనగ విత్తనశుద్ధికి మనం వాడే ట్రైకోడెర్మాకు దగ్గరి బంధువు. అమెరికా సైన్యపు ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ దాని సెల్యులేజ్ ఎంజైములను వెలికితీశారు. గడ్డి, నూలు పీచులో ఉండే సెల్యులోజ్‌ను విడగొట్టేవి అవే. 1973 చమురు సంక్షోభంతో ఆ పరిశోధన ఇంధనం వైపు మళ్లింది.

ఎంజైము 50 డిగ్రీల వేడిలో, పీహెచ్ 5 (కాస్త పులుపు) దగ్గర, రెండు మూడు రోజుల్లో సెల్యులోజ్‌ను గ్లూకోజ్‌గా విడగొడుతుంది. కానీ పచ్చిగడ్డి మీదైనా ఎండుగడ్డి మీదైనా నేరుగా పోస్తే లాభం లేదు, పీచును గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ అడ్డం. అందుకే ముందు గడ్డిని తరిగి, సుమారు 1 శాతం గంధకామ్లంతో 160–180 డిగ్రీల ఆవిరిలో కొన్ని నిమిషాలు ఉడికించి పొరలు విప్పాలి. యూరియాతో గడ్డిని మాగవేయడంలో ఉన్న సూత్రమూ ఇదే: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50–60 లీటర్ల నీళ్లు, గాలి చొరకుండా 21 రోజులు. అక్కడ యూరియా నుంచి పుట్టే అమ్మోనియా మెల్లగా చేసే పనిని ఇక్కడ ఆవిరి నిమిషాల్లో చేస్తుంది.

ఈ ఉడికించే మెట్టు మీదా పరిశ్రమ చేతులు కాలాయి. 2014–15లో అమెరికాలో మొక్కజొన్న చొప్పతో హ్యూగోటన్, ఎమ్మెట్స్‌బర్గ్, నెవాడా (అయోవా రాష్ట్రంలోని ఊరు) పట్టణాల్లో మూడు పెద్ద ఇథనాల్ ఫ్యాక్టరీలు తెరిచారు. 2019 ముగిసేసరికి మూడింట్లో ఒక్కటీ మామూలుగా నడవడం లేదు. ఎమ్మెట్స్‌బర్గ్‌ను ఎక్కువగా సతాయించింది ఈ ఉడికింపు దశే. వరిగడ్డి ఇంకా మొండిది. బూడిదే 12–18 శాతం, అందులో ఎక్కువ భాగం సిలికా; గడ్డిని లోపలికి నెట్టే స్క్రూలను అది అరగదీస్తుంది. కోత యంత్రం వదిలిన గడ్డిని పోగేసేటప్పుడు అంటుకునే మట్టి అదనం.

టన్ను ఎండుగడ్డిలో 350 కిలోల సెల్యులోజ్ ఉంటే, కాగితం మీద 390 కిలోల గ్లూకోజ్, 250 లీటర్ల ఇథనాల్ రావాలి. 2022 ఆగస్టులో హరియాణాలోని పానిపట్‌లో ప్రారంభించిన వరిగడ్డి ఇథనాల్ ఫ్యాక్టరీ లెక్క ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డికి 3 కోట్ల లీటర్లు, అంటే టన్నుకు 150.

పానిపట్ చుట్టూ గోధుమ విత్తే తొందరలో గడ్డిని పొలంలోనే కాల్చేస్తారు. మన దగ్గర అది వామికెక్కుతుంది, వేసవిలో ధర పలుకుతుంది. ఆవుకు రోజుకు 6 కిలోల చొప్పున చూసినా ఆ 2 లక్షల టన్నులు 90 వేల ఆవులకు ఏడాది మేత. ఫ్యాక్టరీని చిన్నదిగా కడదామంటే ఆవిరి పాత్రల ఖర్చు ఆ దామాషాలో తగ్గదు. చిత్తూరులో ఇలాంటి ప్రతిపాదన ఏది వచ్చినా మండలాలవారీ మేత లెక్క ముందు బల్ల మీద పెట్టాలి, ఎంజైము ధర సంగతి ఆ తర్వాత.