విశాఖ వయసు ఎక్కణ్ణుంచి లెక్కెట్టాలి?

2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు రైల్వే డివిజన్‌కు విశాఖపట్నం డివిజన్ అని పేరు మార్చింది. వాల్తేరు వలస పాలన వదిలివెళ్లిన పేరు కాబట్టి మార్చాలన్నారు. పెదవాల్తేరు వాళ్లకు ఈ మాట విడ్డూరంగానే తోచి ఉండాలి. కరకచెట్టు పోలమాంబ కొలువైన ఊరది. దొరలు ఆ మెరక మీద బంగళాలు కట్టుకుని, ఉన్న పేరునే తమకు నోరు తిరిగినట్టు రాసుకున్నారు, అంతే.

విశాఖ రెండువేల ఏళ్ల నగరమని చెప్పేవాళ్లున్నారు. కానీ ఇవాళ విశాఖ అంటున్నదంతా ఒకప్పుడు ఒక్క ఊరు కాదు. అసలు పట్నం వన్‌టౌనే: రేవు పక్కన కోటవీధి, కనకమహాలక్ష్మి గుడి ఉన్న బురుజుపేట, కురుపాం మార్కెట్. చోళుల కాలంలో ఈ రేవును కులోత్తుంగచోళపట్టణం అన్నారు. 17వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడే వర్తక స్థావరం పెట్టింది. 1689లో ఔరంగజేబు సైన్యం దాన్ని పట్టుకుని, అందులోని ఇంగ్లీషువాళ్లను చంపింది. వాల్తేరు అప్పటికి వేరే ఊరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో బెజవాడ నుంచి అక్కడికి తరలింది, 1933లో కొత్త హార్బరు మొదలైంది. ఆ తర్వాతే రెండూ కలిసిపోయి ఒకే నగరమయ్యాయి. గాజువాక 2005లోనూ భీమిలి 2013లోనూ కార్పొరేషన్‌లో చేరాయి. డచ్చివాళ్ల సమాధులున్న భీమిలికి తన చరిత్ర తనకుంది. మున్సిపాలిటీగా అది 1861 నాటిది.

ఇక రెండువేల ఏళ్ల నగరం అన్న మాట సంగతి. దానికి ఆధారంగా చూపేది తొట్లకొండ, బావికొండల మీది పాత బౌద్ధ ఆరామాలను. తొట్లకొండ మీదికెళ్తే వర్షపు నీరు నిలిచేలా రాతిలో తొలిచిన తొట్లు, స్తూపాల అడుగుభాగాలు, భిక్షువుల గదుల పునాదులు కనిపిస్తాయి. తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి, అంటే సముద్ర వ్యాపారంతో సంబంధం ఉన్నట్టే. కానీ అవి ఊళ్లు కావు, ఆరామాలు. నగరమే బీచ్ రోడ్డు వెంట పెరుగుతూ పోయి ఆ కొండల పక్కకు చేరింది. ఆరామాల చరిత్ర గొప్పదే, దాన్ని పట్నం పుట్టుకగా చెప్పడమే నాకు ఒప్పదు.

అమరావతిది ఇంకో రకం. దాని పాత వయసుకు ఆధారంగా చూపే ప్రాచీన నగరం ధాన్యకటకం అంటే ధరణికోట పరిసరాలు. 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని దానికి దూరంగా, ఉద్దండరాయునిపాలెం వైపు ఉంది. అక్కడ పేరు కదిలింది, ఇక్కడ హద్దులు కదిలాయి. రెండుచోట్లా కొత్త నగరానికి పాత వయసు అరువు తేవడం మాత్రం ఒకటే.

విశాఖ జిల్లా దగ్గరికొస్తే చిక్కు మరీ ఎక్కువ. 1936లో జయపురం ప్రాంతం ఒడిశాకు పోయింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం విడిపోయాయి. 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు పుట్టాయి. శంకరం దగ్గరి బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ ఇప్పుడు అనకాపల్లి జిల్లాది, పాత పుస్తకాల్లో మాత్రం విశాఖ జిల్లాదే. అందుకని 1907 నాటి గెజిటీరులో, అంటే జిల్లా వివరాలు రాసిన సర్కారు పుస్తకంలో, విశాఖపట్నం జిల్లా పంటలనో జనాభానో చూసి ఇవాళ్టి అంకెల పక్కన పెట్టేవాళ్లు ముందు మ్యాపు తెరవాలి. ఆ పాత అంకెల్లో జయపురం కొండలు కూడా కలిసే ఉంటాయి.